అన్న అక్కడ తాగుతుంటే ఇక్కడ నిద్ర పట్టని చెల్లెలికి

చెల్లెమ్మా, మీరు రాసింది పొడుగ్గా ఉంది. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలని ముందు మీ సంగతి క్లుప్తంగా చెప్పి జవాబులోకి వస్తాను.

దేవరకొండ వైపు ఊళ్లో మీ అన్న ట్రాక్టర్ నడుపుతాడు. ముప్పై ఆరేళ్లు. మొదట కల్లు, తర్వాత వైన్స్. ఇప్పుడు పొద్దున చేతులు వణుకుతుంటే బెల్టు షాపు నుంచి క్వార్టర్ వస్తే తప్ప మంచం దిగడు. వదిన పిల్లలను తీసుకుని తల్లిగారింటికి పోయింది. అమ్మ ఒక్కతే అతనితో ఉంది. మీరు మిర్యాలగూడలో భర్త, పాపతో ఉంటూ ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తారు. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగితే గుండె దడ. మీ ఆయనకు తెలియకుండా అమ్మకు ఫోన్‌పేలో పైసలు పంపుతున్నారు. అన్న మీద కోపం వస్తుంది, కోపం వచ్చినందుకు ఏడుపొస్తుంది. "అన్నంలో కలిపే మందు ఏదో ఉందట, పెట్టమంటవా" అని అమ్మ అడుగుతోంది. బతుకమ్మకు ఊరికి పోవాలా వద్దా తేల్చుకోలేకపోతున్నారు. చివర్లో ఇలా అడిగారు: "మా అన్న మానేదాకా నేను ఇట్లనే చస్తూ బతకాల్నా?"

అక్కర్లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

నేను పాలమూరులో మత్తు మాన్పించే కౌన్సెలింగ్ పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. తాగేవాడు ఒక్కడు వస్తే వాడి వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వస్తారు. వాడికి బీపీ చూస్తారు, లివర్ టెస్టు రాస్తారు, మందులిస్తారు. వెనక నిల్చున్న తల్లిని, భార్యను, చెల్లెల్ని "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నవా" అని అడిగే మనిషి ఉండడు. అందుకే మీ అన్న సంగతి తర్వాత, మీ సంగతి ముందు.

ఆ తొమ్మిది గంటల దడ గురించి చెప్తాను. అది మీ బలహీనత కాదు. ఏళ్ల తరబడి అదే వేళకు చెడ్డ వార్త వస్తుంటే ఒళ్లు ఆ వేళకు ముందే కాపలాకు లేస్తుంది. ఫోన్ మోగితే ఒక భయం, మోగకపోతే "ఇయ్యాల ఎందుకు చేయలేదు" అని ఇంకో భయం. కానీ ఒక లెక్క చూడండి. మీరు మేలుకొని ఉన్న రాత్రీ మీ అన్న తాగాడు, అలసిపోయి పడుకున్న రాత్రీ తాగాడు. మీ కాపలా వల్ల ఒక్క పెగ్గు తగ్గలేదు. వినడానికి కటువుగా ఉంటుంది, కానీ నా దగ్గర కూర్చున్న చాలామంది ఆడవాళ్లకు ఊరట దొరికింది ఈ లెక్కతోనే. అన్న తాగని రోజు నాకు మంచి రోజు, తాగిన రోజు నాకు చెడ్డ రోజు అని ఒక షరతు మీకు తెలియకుండానే పెట్టుకున్నారు. ఆ షరతు తీసేయడమే మీరు చేయాల్సిన పని. అతను మానకముందే తీసేయాలి, ఎందుకంటే ఎప్పుడు మానతాడో మీ చేతిలో లేదు.

అది ఒక్కరోజులో పోదు. ఫోన్‌తో మొదలుపెట్టండి. అమ్మతో కూర్చుని ఒక ఒప్పందానికి రండి. రోజూ సాయంత్రం ఏడింటికి మీరే ఫోన్ చేస్తారు. పది పదిహేను నిమిషాలు మాట్లాడతారు, అందులో సగం అన్న ఊసు లేకుండా, అమ్మ మోకాళ్ల నొప్పి, చేనులో పత్తి, పక్కింటి పెళ్లి. తొమ్మిది తర్వాత ఫోన్ చేయాల్సిన పరిస్థితులేవో ముందే చెప్పి పెట్టండి: ఫిట్స్ రావడం, లేపితే లేవకపోవడం, రక్తం వాంతి కావడం, లేనివి కనబడుతున్నాయని అరవడం, అమ్మ మీద చేయి చేసుకోవడం, చచ్చిపోతాననడం. ఆ వేళ కూడా మొదటి ఫోన్ మీకు కాదు. జబ్బయితే 108, కొట్లాటైతే 112, తర్వాత పక్కింట్లో ఒక మనిషి, ఆ తర్వాత మీరు. మిర్యాలగూడలో ఉన్న మీరు ఆ అర్ధరాత్రి ఏడవడం తప్ప ఏం చేయగలరు? ఊళ్లో పెదనాయిన కొడుకో, ఆశా కార్యకర్తో, నమ్మకమున్న ఒకరితో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇంకో పని ఈ వారమే చేయించండి. ఇంట్లో పురుగుల మందు, గడ్డి మందు డబ్బాలుంటే అక్కణ్నుంచి తీయించండి. తాగిన మత్తులో వచ్చిన క్షణం ఆవేశం తెల్లారేసరికి పోతుంది. ఆ క్షణంలో చేతికి డబ్బా అందకపోతే మనిషి బతుకుతాడు. పొలం పని చేసే ఇళ్లల్లో దీన్ని మించిన జాగ్రత్త లేదు.

ఇప్పుడు కోపం. "ఒక్కోసారి పోతే పోనీ అనిపిస్తది అక్కా, నేను రాక్షసినా" అని రాశారు. నా ముందు కూర్చుని ఈ మాట అనని చెల్లెలు, తల్లి, భార్య తక్కువ. ఆ మాటలో మీరు కోరుకుంటున్నది అన్న చావు కాదు, ఈ యాష్ట అయిపోవడం. టెన్త్ పరీక్షలకు సైకిల్ మీద రోజూ సెంటరుకు తీసుకుపోయిన అన్న గురించి రాసిన మీరే, మొన్న పాప ముందు బూతులు తిట్టిన అన్న గురించీ రాశారు. ఇద్దరూ నిజమే. ఒకర్ని గుర్తు చేసుకుని ఇంకొకర్ని క్షమించాల్సిన పని లేదు, ఒకర్ని చూసి ఇంకొకర్ని మరిచిపోవాల్సిన పనీ లేదు.

కోపం అడుగున ఉన్నది దుఃఖం. మనిషి కళ్ల ముందు ఉన్నాడు, మీకు తెలిసిన అన్న మాత్రం లేడు. ఇంట్లో ఎవరన్నా పోతే ఊరంతా పలకరించడానికి వస్తుంది, పొయ్యి వెలిగించనివ్వరు, పదకొండో రోజు దాకా ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు. దీనికి పలకరింపు లేదు. పైగా "మీ అన్న నిన్న సెంటర్ల పడిపోయిండట కదా" అని నవ్వుతూ అడిగేవాళ్లుంటారు. కాబట్టి ఆ పలకరింపును మీరే ఏర్పాటు చేసుకోవాలి. నిజం మొత్తం తెలిసిన మనిషి ఒక్కరుండాలి. బడిలో తోటి టీచరైనా సరే, చిన్ననాటి స్నేహితురాలైనా సరే. సలహాలిచ్చేవాళ్లను కాదు, వినేవాళ్లను వెతుక్కోండి.

"నీ పెళ్లికి చేసిన అప్పుతోనే వాడు తాగుడుకు పడ్డడు" అని అమ్మ అన్న మాట మిమ్మల్ని లోపల తినేస్తోందని అర్థమైంది. చెల్లెలి పెళ్లికి అప్పు చేసిన అన్నలు నల్గొండ జిల్లాలో ఇంటికొకరుంటారు. అందరూ తాగుబోతులు కాలేదు. తాగుడుకు బానిస కావడంలో వంశం పాత్ర పెద్దది. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలు ఆ ముప్పులో దాదాపు సగం పుట్టుకతో వచ్చేదేనని చెప్తాయి. మీ నాయిన కూడా కల్లు కాంపౌండ్ దాటి ఇంటికి రాలేదని మీరే రాశారు. దానికి చిన్నవయసులో మొదలుపెట్టడం, గల్లీకో బెల్టు షాపు, తాగేవాళ్లతోనే దోస్తానం తోడయ్యాయి. ఏళ్లు గడిచేసరికి మెదడు మందుకు అలవాటుపడి, అది లేకపోతే పనిచేయని స్థితికి వచ్చింది. అప్పు ఒక సాకు అయి ఉండొచ్చు. మీ పెళ్లి కారణం కాదు. అమ్మతో వాదించకండి. ఆమెకు కూడా ఎవరో ఒకరి మీద నెపం పెట్టకపోతే ఆ నెపం తన మీదే పడుతుందనే భయం.

మీ ఒక్క ఇంటి కథ కూడా కాదిది. 2019లో కేంద్ర ప్రభుత్వం బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో 16 కోట్ల మంది మందు తాగుతారు. వాళ్లలో 5.7 కోట్ల మందికి దాన్నుంచి బయటపడడానికి సాయం కావాలి. తాగుడుకు బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా 37 ఇళ్లల్లో అమ్మలే డాక్టర్లు, చెల్లెళ్లే బ్యాంకులు.

బ్యాంకు అన్నాను కాబట్టి పైసల సంగతి. మీరు అమ్మకు పంపుతున్నది అమ్మ చేతిలో ఎంతసేపు ఉంటోంది? రాత్రికి అన్న లొల్లి చేస్తాడు, ఇజ్జత్ పోతుందని అమ్మ ఇచ్చేస్తుంది. అంటే మీ జీతంలో కొంత బెల్టు షాపుకు పోతోంది. పైసలు ఆపేయమని నేను చెప్పను, అమ్మ ఆకలితో ఉంటే మీకు నిద్ర పట్టదు. నగదు ఆపండి. కిరాణా కొట్టుకు మీరే నేరుగా కట్టండి, కరెంటు బిల్లు, గ్యాసు ఫోన్‌లో మీరే కట్టండి, అమ్మ బీపీ గోళీలు మీరే కొనిచ్చి పంపండి. అన్న పేరు మీద ఉన్న ట్రాక్టర్ ఫైనాన్స్ కిస్తీ మాత్రం కట్టకండి. ఫైనాన్స్ వాళ్లు బండి ఎత్తుకుపోతారేమో అని మీరు భయపడుతున్నారు. ఎత్తుకుపోనివ్వండి. పొద్దున్నే తాగి ట్రాక్టర్ ఎక్కే మనిషికి ఆ బండి బతుకుదెరువు కంటే ముప్పే ఎక్కువ. ఇక్కడ నాతో ఒప్పుకోనివాళ్లుంటారు, బండి పోతే ఇంకా కుంగిపోయి ఎక్కువ తాగుతాడంటారు. అట్లా జరగొచ్చు కూడా. కానీ తాగుడు వల్ల వచ్చే నష్టం తాగేవాడికి తగలకుండా ఇంటివాళ్లే అడ్డం పడుతున్నంత కాలం, మానాల్సిన అవసరం అతనికి కనబడదు. అమ్మ పేరు మీదున్న భూమి పట్టాదారు పాసుపుస్తకం, ఉన్న కాస్త బంగారం మాత్రం ఊళ్లో ఉంచకండి. సంఘంలో లోను తీసి అన్నకు ఇవ్వొద్దని అమ్మకు గట్టిగా చెప్పండి. ఆ కిస్తీలకు తోటి ఆడవాళ్లందరూ జవాబు చెప్పాల్సి వస్తుంది.

మీ ఆయనకు చెప్పండి. "మీ అన్న సంగతి మనకెందుకు" అని ఒకసారి అన్నారని మీరు దాచడం మొదలుపెట్టారు. తాగేవాడున్న ఇంట్లో మొదట పెరిగేవి రహస్యాలు. అమ్మ అన్న గురించి ఊరికి అబద్ధం చెప్తుంది, అన్న అమ్మకు చెప్తాడు, ఇప్పుడు మీరు మీ ఆయనకు చెప్తున్నారు. తాగుడు మీ ఊరి నుంచి మిర్యాలగూడ దాకా వచ్చి మీ ఇంట్లో కూర్చుంది. ఆదివారం పాప పడుకున్నాక, "ఇన్ని నెలలుగా ఇంత పంపాను, ఇకమీదట ఇట్లా ఇంతే పంపుతాను" అని ఒక లెక్కగా చెప్పండి. కోపపడతారు. అది ఒకసారి అయిపోయే కోపం. దాచినది బయటపడ్డప్పుడు వచ్చే కోపం అట్లా పోదు.

ఇక అన్నంలో కలిపే మందు. దయచేసి పెట్టనివ్వకండి. సంతల్లో, వాట్సాప్‌లో "తెలియకుండా మాన్పించే పొడి" అని అమ్మేవాటిలో ఏముంటుందో ఎవరూ చెప్పరు. కొందరు మందుల షాపు నుంచి డైసల్ఫిరామ్ గోళీలు తెచ్చి కూరలో నూరి వేస్తారు. అది నిజమైన మందే, డాక్టర్లు వాడేదే. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండె బలహీనంగా ఉంటే ప్రాణం పోవచ్చు. అందుకే మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేశాకే ఇస్తారు. తెలియకుండా పెడితే అతను ఎప్పటిలాగే పొద్దున్నే క్వార్టర్ తాగుతాడు. అమ్మ చేతి అన్నంతో కొడుకుకు ఏమన్నా అయితే ఆమె ఇంక లేవదు. తెలిసిన రోజు అమ్మ చేతి అన్నం మీద అతనికి నమ్మకం కూడా పోతుంది.

దీనికన్నా పెద్ద ప్రమాదం మీకు తెలియంది ఒకటుంది. పొద్దున చేతులు వణికి, తాగితేనే తగ్గుతున్నాయంటే ఒళ్లు మందుకు పూర్తిగా లొంగిపోయిందని అర్థం. ఇట్లాంటి మనిషిని గదిలో పెట్టి తాళం వేసి, పైసలు లాక్కుని, ఒక్కసారిగా ఆపించడం ప్రాణాంతకం. చివరి పెగ్గు దిగిన కొన్ని గంటలకు వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి సోయి తప్పి, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు, ఎవరో కొట్టడానికి వస్తున్నట్టు కనబడుతుంది. ఊళ్లల్లో దాన్ని గాలి సోకిందనుకుంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్స్ మూసేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం ఎట్లా ఎగబడ్డారో వార్తల్లో చూసే ఉంటారు. వాళ్లకు పట్టింది దయ్యం కాదు, మందు ఆగిపోవడం. అందుకే అతను మానతానన్న రోజు మీరు సంతోషంతో చేయాల్సిన మొదటి పని అతన్ని దవాఖానకు తీసుకుపోవడం. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీల సర్కారు దవాఖానల్లో మానసిక వైద్యుల ఓపీ ఉంటుంది. మందులతో మెల్లగా దింపుతారు.

డాక్టరుకు కల్లు సంగతి కూడా తప్పక చెప్పండి. మన దగ్గర చాలాచోట్ల కల్లులో డైజోఫామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారని మీకూ తెలుసు. 2015లో ఎక్సైజ్ వాళ్లు కల్తీ కల్లు మీద పడ్డప్పుడు తెలంగాణ పల్లెల్లో ఎంతమంది మెడలు వంకర్లు పోయి, పిచ్చి పిచ్చిగా మాట్లాడి దవాఖానల పాలయ్యారో పాలమూరు వాళ్లమెవరం మరిచిపోలేదు. డైజోఫామ్ ఒంట్లోంచి నిదానంగా పోతుంది, అది ఆగిన ఇబ్బంది కొన్ని రోజులు గడిచాక బయటపడొచ్చు. మందు ఒక్కటే చెప్పి కల్లు దాస్తే డాక్టరు లెక్క తప్పుతుంది. ఇంకొకటి: ఏళ్లుగా తాగుతూ సరిగా తినని మనిషికి ఊరి ఆర్ఎంపీ బలం కోసమని ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ముందు బీ1 విటమిన్, అంటే థయమిన్ ఇవ్వాలి. తాగే అలవాటుందని సూది వేసేవాళ్లకు ముందే చెప్పాలి, సిగ్గుపడి దాయొద్దు.

"మాల వేసుకున్న 41 రోజులు చుక్క ముట్టలేదు, అంటే మానగలడు, కావాల్నని తాగుతుండు" అని రాశారు. ఈ మాట నాకు మహా ఇష్టమైన మాట, ఎందుకంటే ఇందులో సగం చాలా నిజం. మాల వేసుకున్నప్పుడు ఏం జరిగిందో చూడండి. తెల్లవారుజామున లేచి చన్నీళ్ల స్నానం, పూజ, ఒంటిపూట భోజనం, పీఠంలో పడక. సాయంత్రం ఆరు గంటలకు బెల్టు షాపు దగ్గర నిల్చునే మనిషి భజనలో ఉన్నాడు. పాత దోస్తులు పిలవలేదు. నిన్న "అరేయ్" అన్న ఊరు ఇవాళ "స్వామీ" అని దండం పెట్టింది. ఎన్నాళ్లకో ఒక మర్యాద దొరికింది. ఇరుముడి దించి ఇంటికొచ్చిన రోజు ఇవన్నీ ఒక్కసారిగా పోయాయి. అదే మూల, అదే దోస్తులు, "ఇన్ని రోజులు ఆగినవ్, ఇయ్యాల పార్టీ" అన్నారు. మాలలో అతని మనసు గట్టిగా ఉండి, మాల తీశాక మెత్తబడిపోలేదు. చుట్టూ ఉన్నది మారిపోయింది. చికిత్స అయ్యాక అతనికి ఏం కావాలో ఆ 41 రోజులే చెప్తున్నాయి: సాయంత్రానికి ఒక పని, తాగని మనుషుల సావాసం, కాస్త గౌరవం. కాకపోతే అప్పుడు ఫిట్స్ రాకుండా ఆగాడు కాబట్టి ఇప్పుడూ రావనుకోవద్దు, అప్పటికి పొద్దున వణుకు లేదు కదా. ఈసారి మాల వేసుకుంటానంటే ముందు డాక్టరు, తర్వాత గురుస్వామి.

అమ్మ అమావాస్యకు అతన్ని చెర్వుగట్టుకు తీసుకుపోయి నిద్ర చేయించిందని కొంచెం విసుగ్గా రాశారు. పోనివ్వండి. ఆ రామలింగేశ్వరుడి ముందు ఒక రాత్రి కూర్చుంటే ఆమెకు వచ్చే నెలకు సరిపడా ధైర్యం వస్తుంది. దవాఖాన మానేసి పోతే కదా చిక్కు. కానీ బిడ్డ నెత్తి మీద చేయి పెట్టించి ఒట్టు వేయించడం మాత్రం ఆపించండి. ఒట్టు తప్పిన రోజు సిగ్గుతో ఇంకో క్వార్టర్ ఎక్కువ తాగుతారు, ఇంటివాళ్లకేమో ఏదో కీడు జరుగుతుందన్న భయం మిగులుతుంది.

అన్నతో మాట్లాడే తీరు గురించి. తాగి ఉన్నప్పుడు మీరు చెప్పింది తెల్లారితే గుర్తుండదు, ఆ గొంతు, ఆ కన్నీళ్లు దండగ. అమెరికాలో రాబర్ట్ మేయర్స్ అనే మనస్తత్వవేత్త, తాగేవాళ్ల ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చే ఒక పద్ధతి తయారుచేశాడు. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆ శిక్షణ తీసుకున్న కుటుంబాల్లో నూటికి 64 మంది తమ మనిషిని చికిత్సకు ఒప్పించగలిగారు. అందరూ కూడబలుక్కుని ఒక్కసారిగా నిలదీసే పద్ధతిలో అది 30. చికిత్సకు రావడమంటే మానేయడం కాదు, కానీ గడప దాటారు. అందులోని కిటుకు పెద్దదేం కాదు. తాగనప్పుడు దగ్గరికి రండి, ప్రేమగా ఉండండి, మెచ్చుకోండి. తాగినప్పుడు తిట్టకుండా, కొట్లాడకుండా పక్కకు తప్పుకోండి. మీ గురించి చెప్పండి, అతని తప్పుల పట్టిక చదవకండి. పొద్దున కాస్త సోయిలో ఉన్నప్పుడు ఫోన్‌లో, "అన్నా, మొన్న పాప పుట్టినరోజుకు తాగకుండ వచ్చినవ్, నాకు మస్తు సంతోషమైంది. రాత్రిపూట నీ గురించి భయమైతది నాకు. దవాఖానకు పోదమని నువ్వు ఎప్పుడన్నా, సెలవు పెట్టి వస్త" అనండి. అంతే, ఫోన్ పెట్టేయండి. ఆ మాట ఊరికే అనకండి. అతను "సరే పోదాం" అన్న పూట చాలా చిన్నది. ఏ వారాల్లో ఓపీ ఉందో, ఆధార్ కార్డు ఎక్కడుందో, ఎవరి బండిలో పోవాలో ముందే కనుక్కుని ఉంటేనే ఆ పూట చేతికి దొరుకుతుంది.

ఒకసారి మానాక మళ్లీ మొదలుపెట్టడం ఈ జబ్బులో మామూలు. అప్పుడు మీరు మళ్లీ మొదటి రోజుకు వచ్చినట్టు కుప్పకూలకండి. బీపీ మళ్లీ పెరిగితే డాక్టరు దగ్గరికి ఎట్లా పోతామో దీనికీ అట్లాగే పోవాలి. ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్లో వేయాలనుకుంటే ముందు మీరే పోయి చూడండి. మానసిక వైద్యుడు వస్తాడా, రిజిస్ట్రేషన్ ఉందా, ఇంటివాళ్లను కలవనిస్తారా అడగండి. రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. "మూడు నెలలు ఫోన్ కూడా చేయొద్దు, మేం చూసుకుంటం" అనేచోట మనిషిని వదిలి రాకండి.

వదినకు ఫోన్ చేయండి, "ఎప్పుడొస్తవ్" అని మాత్రం అడగకండి. మీ అమ్మ తరఫున ఆమెను వెనక్కి పంపించే బాధ్యత మీది కాదు. దెబ్బలు తిన్నదని మీరే రాశారు. 181కి చేస్తే మహిళలకు సాయం దొరుకుతుంది, 2005 గృహహింస చట్టం ఆమెకు రక్షణ ఇస్తుంది. పిల్లల ఫీజుకు చేతనైంది చేస్తే అది మీరు పంపే పైసల్లో అన్నిటికన్నా మంచి పైస అవుతుంది. అమ్మ మీద చేయి పడితే కూడా ఇదే మాట. జబ్బు అన్నంత మాత్రాన దెబ్బలు ఓర్చుకోవాలని లేదు.

మీ గురించి మళ్లీ. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, క్లాసులో పిల్లల మీద ఊరికే అరవడం రెండు వారాలకు మించి ఉన్నాయంటే మీరూ డాక్టరును కలవాలి. తాగేవాడి చెల్లెలికి వైద్యమేంటి అనుకోకండి, ఆ ఓపీలో మీలాంటి వాళ్లు రోజూ కూర్చుంటారు. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగా లేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేసే సర్కారు సేవ. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. తాగేవాళ్ల కోసమే కాదు, మీ కోసం కూడా చేయొచ్చు. తొమ్మిదింటి దడ మొదలైనప్పుడు అమ్మకు చేసే ఫోన్ దీనికి చేసి చూడండి. మత్తు మాన్పించే సలహాలకు 14446 ఉంది. తాగేవాళ్ల ఇంటివాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే అల్-అనాన్ అని ఒకటుంది, 1951లో అమెరికాలో తాగుడు మానినవాళ్ల భార్యలు మొదలుపెట్టారు. హైదరాబాదులో మీటింగులు జరుగుతాయి, ఆన్‌లైన్లో కూడా చేరొచ్చు. వాళ్లు మొదట నేర్పే మూడు సంగతులు మీకు సరిగ్గా సరిపోతాయి: దీన్ని నేను తేలేదు, దీన్ని అదుపు చేయడం నా వల్ల కాదు, నయం చేయడం నా వల్ల కాదు.

బతుకమ్మకు పొండి. మీ అన్న తాగుతున్నాడని మీరు అమ్మగారి ఊరు, చెరువు, తోటి ఆడపిల్లల్ని వదులుకోవడం ఎందుకు? కానీ పద్ధతిగా పొండి. సద్దుల బతుకమ్మకు పోయి దసరాకు ముందే తిరిగి రండి. దసరా రోజు మన ఊళ్లల్లో తాగనివాడు కూడా తాగుతాడు, ఆ రోజు మీ అన్న నుంచి మంచి ఆశించడం అన్యాయం, అతనికీ మీకూ. పగటిపూట చేరేలా బస్సు ఎక్కండి. పడక పెద్దమ్మ ఇంట్లో అని ముందే చెప్పి పెట్టండి, అమ్మ చిన్నబుచ్చుకున్నా సరే. అన్న తాగి ఉంటే, "అన్నా, రేపు పొద్దున మాట్లాడుకుందం" అని లేచి పెద్దమ్మ ఇంటికి పొండి. తాగకుండా ఉంటే గునుగు పువ్వు కోసుకురమ్మని అతన్నే పంపండి, చిన్నప్పుడు తెచ్చేవాడన్నారు కదా. తెస్తే మెచ్చుకోండి. తేకపోతే మీరే పోయి కోసుకోండి.

పాపకు ఏం చెప్పాలని అడిగారు. ఆరేళ్ల పిల్లకు అన్నీ కనబడతాయి. మామకు ఒంట్లో బాగా లేదని అబద్ధం చెప్పకండి, మామ చెడ్డోడని కూడా అనకండి. "మామకు తాగుడు జబ్బు ఉంది. తాగినప్పుడు గట్టిగ అరుస్తడు, అది నీ మీద కోపం కాదు. మామ తూలుతుంటే ఆడుకోవడం ఆపి సీదా నా దగ్గరికి రా. మామ బండి ఎక్కమంటే ఎక్కొద్దు." ఈ నాలుగు మాటలు చాలు. ఊరికి చేరాక కాదు, మిర్యాలగూడలో బస్సు ఎక్కకముందే చెప్పండి. చెప్పాక, నువ్వు ఏం చేస్తవ్ అని ఒకసారి ఆ పిల్లతోనే చెప్పించుకోండి.